మంగళవారం ఏం వండారు?

తెలుగు దినపత్రికల ఆదివారం అనుబంధాల్లో వంటల పేజీ చూసే సంపాదకులకు,



మీ పేజీ నాకు పాత పరిచయం. పెళ్లయిన కొత్తలో కత్తిరించి దాచుకున్న కాగితాలు ఇప్పటికీ బీరువా అడుగున ఉన్నాయి. అందుకని ఈ ఉత్తరాన్ని ఫిర్యాదు కింద జమకట్టకండి. పాత చుట్టరికం ఉన్న మనిషి కాస్త చనువు తీసుకుని రాస్తోందనుకోండి.

పోయిన ఆదివారం ఇంటికొచ్చే పేపరుతోపాటు పక్కింటివాళ్లవి కూడా అడిగి తెచ్చుకుని వంటల పేజీలన్నీ ముందేసుకున్నాను. ఒకదాంట్లో పనీరుతో నాలుగు రకాలు. ఇంకోదాంట్లో ఓవెన్‌లో కాల్చే కోడి. మరోదాంట్లో నైవేద్యాలు. రుచికి వంక పెట్టలేం, ఫొటోలకు అసలే పెట్టలేం. కానీ వాటిల్లో ఎక్కడా మామూలు మంగళవారం కనబడలేదు. పండగ లేదు, చుట్టాలు రాలేదు, బుట్టలో రెండు బీరకాయలూ ఒక సొరకాయ ముక్కా, ఫ్రిజ్‌లో పులిసిన పెరుగు. అలాంటి రోజున తెలుగువాళ్ల ఇళ్లల్లో ఏం వండుతారో, ఎలా వండుతారో మీ పేజీ చదివితే తెలియదు. ఏడాదిలో ముప్పాతిక మువ్వీసం అలాంటి రోజులే కదా!

నేను అడగదలుచుకున్నది ఒక్కటే. ఆ రోజులకు మీ పేజీలో చోటివ్వండి.

ఇంతకీ అడగడానికి నేనెవరినంటే, రోజూ వండే మనిషిని, వండింది రాసిపెట్టుకునే మనిషిని. పుట్టిల్లు గుడివాడ దగ్గర పల్లె, అత్తవారిల్లు కరీంనగర్. మా ఆయనకు షుగరు బయటపడినప్పుడు, ఏం తింటున్నారో రోజూ రాసుకు రమ్మన్నారు ఆసుపత్రిలో. ఎంత తిన్నారో రాయాలంటే ఎంత వండానో తెలియాలి. ఎంత వండానో తెలియాలంటే గిన్నెలో ఎంత వేశానో చూసుకోవాలి. అలా పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే వెనక పేజీల నుంచి వంట లెక్క మొదలైంది. షుగరు అదుపులోకి వచ్చింది, ఆ లెక్క అడిగేవాళ్లూ లేరు. నాకు మాత్రం అలవాటు పోలేదు.

రాయడం మొదలెట్టాక కళ్లబడిన మొదటి సంగతి, ఇంటి వంట ఒక్కో వంటకంగా జరగదని. పొద్దున పాలు కాగబెట్టిన దగ్గర్నుంచి రాత్రి పెరుగు తోడెయ్యడం దాకా అంతా ఒకే పని. కందిపప్పు కుక్కర్లో ఒకేసారి పెడతాను. పైన తేరిన కట్టు రెండు గరిటెలు చారుకి తీసి, అడుగున ఉన్న ముద్దను తోటకూర పప్పుకి మెదుపుతాను. చింతపండూ ఒకేసారి నానేస్తాను. మొదట పిండిన చిక్కటి రసం పులుసులోకి, పిప్పి మీద మళ్లీ నీళ్లు పోసి పిండింది చారులోకి. పెరుగు పులిస్తే మర్నాడు మజ్జిగ పులుసు. రాత్రి అన్నం మిగిలితే ఎండాకాలమైతే నీళ్లు పోసి చద్ది, చలికాలమైతే తాలింపు పెట్టి నిమ్మకాయ పిండటం. ముల్లంగి తెస్తే దుంప సాంబారుకి, ఆకు పప్పులోకి. ఈ తెలివంతా రెండు వంటకాల మధ్య జరిగే బేరసారాల్లో ఉంటుంది. మీరు ఒక్కో వంటకాన్నీ విడదీసి పెట్టెకట్టి అచ్చేస్తారు కాబట్టి అది మీ పేజీకి దొరకదు.

రెండోది టైము సంగతి. మీ వంటకాల మీద చిన్న గడియారం బొమ్మ, పక్కన ‘15 నిమిషాలు’ అని ఉంటుంది. గోంగూర పచ్చడికి కూడా అంతే వేశారు ఒకసారి. నాలుగు కట్టల గోంగూర ఆకు దూయడం, మట్టి పోయేదాకా మూడు నీళ్లు కడగడం, గుడ్డ మీద పరిచి తడి ఆరనివ్వడం ఎవరి పద్దులో వేశారు? తడి ఆరకుండా వేయిస్తే పచ్చడి నాలుగు రోజులు కూడా నిలవదు. అంటే ఆ ఆరబెట్టడం వంటలో భాగమే కదా! 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతా జనం రోజులో ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో లెక్క తీసింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు సగటున రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఇంచుమించు ఐదు గంటలు! అందులో మీ గడియారం లెక్కపెట్టేది పొయ్యి వెలిగించి ఉన్నంతసేపే. ఆ బొమ్మ చూసి ‘పావుగంట పనే కదా’ అనుకునేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. అసలు టైము అచ్చువేస్తే ఏం కొంప మునుగుతుంది? ఆకు దూసేటప్పుడు పక్కన కూచునేవాళ్లు ఒకరైనా పెరుగుతారేమో.

ఇక కొలతలు. ‘ఉప్పు, కారం తగినంత’ అన్న మాట మీ పేజీ పుట్టినప్పటి నుంచీ ఉంది. చేయి తిరిగినవాళ్లకు దాంతో పనిలేదు, కొత్తవాళ్లకు దాంతో పని జరగదు. మా కరీంనగర్ వైపు వేసవిలో ఇంటింటా చేసుకునే పచ్చిపులుసే తీసుకోండి. పొయ్యి మీద మరగబెట్టరు కాబట్టి, తేడా వస్తే ఉడికించి సర్దుకునే వీలుండదు. నిమ్మకాయంత చింతపండు అంటారు. నేను తూచి చూసుకుంటే మా ఇంటి ‘నిమ్మకాయ’ 25 గ్రాములు. దానికి మా స్టీలు గ్లాసుతో నాలుగు గ్లాసుల నీళ్లు. గ్లాసంటే ఎంతో చెప్పాలిగా మరి, మాది 200 మిల్లీలీటర్లు, మా ఆడపడుచు వాళ్లది 150. నాలుగు పచ్చిమిరపకాయలు మంట మీద నల్ల మచ్చలు పడేదాకా కాల్చాలి. ఒక పెద్ద ఉల్లిగడ్డ సన్నగా తరిగి, చెంచాడు ఉప్పు వేసి, కాల్చిన మిరపకాయలతో కలిపి చేత్తోనే పిసకాలి. ఉల్లి నీరు వదిలి మెత్తబడ్డాకే పులుసు పొయ్యాలి, ముందే పోస్తే మిరపకాయ కారం పులుసుకి పట్టదు. సుపారీ అంత బెల్లం, వేయించి దంచిన నువ్వుల పొడి రెండు చెంచాలు, కొత్తిమీర, చివర్న ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు. నలుగురికి రెండు పూటలా సరిపోతుంది. చింతపండు కొత్తదైతే ఎర్రగా ఉంటుంది, ఏడాది దాటితే నల్లబడి పులుపు తీరు మారుతుంది. అందుకే మూడో గ్లాసు పోశాక నాలిక మీద వేసుకుని చూసి నాలుగోది పొయ్యాలి. ‘తగినంత’ అన్న ఒక్క మాట ఉన్నచోట ఇంత సమాచారం పడుతుంది. మీ పేజీలో చోటు చాలదంటారా? ఫొటో ఒక అంగుళం తగ్గించండి, పడుతుంది.

అన్నం గురించి అయితే మీరు రాయనే రాయరు. అన్నం వండటం అందరికీ వచ్చనుకుంటారు కాబోలు. ఇప్పుడు మన ఇళ్లల్లో ఎక్కువగా కనబడే సాంబ మసూరి బాపట్ల పరిశోధన స్థానం నుంచి బీపీటీ 5204 పేరుతో 1986లో బయటికొచ్చిన వంగడం. సన్నబియ్యం. పాతవైతే గ్లాసుకి రెండున్నర గ్లాసుల నీళ్లు తాగుతాయి. కోతలయ్యాక వచ్చిన కొత్తబియ్యానికి రెండు గ్లాసులు పోసినా ముద్దవుతుంది. దొడ్డుబియ్యం దారి వేరే. కడిగి కాసేపు నానబెడితే గానీ మాట వినవు. ‘ఒకటికి రెండు’ అని మీరు బిర్యానీ కింద రాసే లెక్క ఏ బియ్యానికి, ఎన్నాళ్ల బియ్యానికి? అద్దె గదుల్లో ఒక్కళ్లే ఉండి ఉద్యోగాలు చేసుకునే పిల్లలు అన్నం ముద్దవుతోందని కర్రీ పాయింట్ పక్కన అన్నం పొట్లం కూడా కొనుక్కుంటున్నారు. వాళ్లు వెతికేది పనీరు టిక్కా కాదు, కొత్తబియ్యానికి ఎన్ని నీళ్లని.

బియ్యం మాట వచ్చింది కాబట్టి జొన్న గురించి కూడా. మా అత్తగారి చిన్నప్పుడు పొద్దున గటక, రాత్రి రొట్టె. వరన్నం పండక్కే. బోర్లు పడ్డాయి, వరి పెరిగింది, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, జొన్న కుండ అటకెక్కింది. పేదింట్లో తెల్లన్నం ఉడకడం చిన్న విషయం కాదు, దాన్ని తప్పుబట్టేవాళ్లతో నేను గొంతు కలపను. ఇప్పుడు అదే జొన్న ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక మీ పేజీలోకి ‘మిల్లెట్ బౌల్’ వేషంలో దిగింది, పైన అవకాడో ముక్కలతో. రొట్టె చేయడం మాత్రం ఎవరూ చెప్పలేదు. గోధుమలో ఉండే గ్లూటెన్ జొన్నలో ఉండదు. చపాతీ పిండిలా చన్నీళ్లతో కలిపితే కర్ర కింద పగిలిపోతుంది. మరుగుతున్న నీళ్లు పిండిలో పోస్తే అందులోని గంజి ఉబ్బి పట్టు వస్తుంది. చెయ్యి ఓర్చుకునే వేడికి రాగానే అరచేతి మడమతో రాచి రాచి మెత్తబరచాలి, అప్పటికప్పుడు ఒక్క రొట్టెకు సరిపడా. పీట మీద పొడిపిండి చల్లి చేత్తో తడుతూ తిప్పుతూ పలచన చేసి, పెనం మీద వేశాక పైవైపు తడిగుడ్డతో నీళ్లు అద్దాలి. పిండి నెల దాటితే ఎంత రాచినా అంచులు పగులుతాయి, అది చేతి లోపం కాదు. ఈ పని తెలిసిన అమ్మలు మా వీధిలోనే ఉన్నారు, సాయంత్రం బండి పెట్టి రొట్టెలు అమ్ముతున్నారు. మీ విలేకరులు కిందటివారం ఆ బండి పక్కనుంచే వెళ్లి ఉంటారు.

వంటను రాయడం మనకు కొత్తా? ఐదు వందల ఏళ్ల కిందట శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టిన భోజనాన్ని ఏ కాలానికి ఆ కాలంగా రాశాడు. జడివానలప్పుడు ఒలిచిన పప్పూ, పొగిపిన కూరలూ, వడియాలూ, వరుగులూ. ఎండల్లో గోరువెచ్చని అన్నం, తియ్యటి చారు, పల్చటి అంబలి, చెరకురసం, కొబ్బరినీళ్లు, నీళ్ల మజ్జిగ. చలిలో మిరియాల పొడి పడ్డ కూరలూ, ముక్కు అదరగొట్టే ఆవపచ్చళ్లూ, కాగిన నెయ్యీ. అంతఃపురంలో ఎన్ని పక్వాన్నాలున్నా, రాజు కావ్యంలోకి ఎత్తుకున్నది శ్రీవిల్లిపుత్తూరులో ఒక భక్తుడి ఇంటి వంట. బయట వాన పడుతోందా, ఎండ కాస్తోందా అని చూసి మరీ రాశాడు. మీరు కాలం చూసి రాసేది మామిడికాయలప్పుడూ పండగలప్పుడూనే.

అంత వెనక్కి ఎందుకు, మీ వృత్తిలోనే చూడండి. ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షికను మాలతీ చందూర్ దశాబ్దాలపాటు నడిపారు. ఆవిడ ‘వంటలు–పిండివంటలు’ పుస్తకం కాపురం పెట్టే ఆడపిల్లల సామానులో చీరల పక్కన వెళ్లేది. తమిళంలో మీనాక్షి అమ్మాళ్ 1951లోనే తమ ఇంటి వంటను కొలతలతో పుస్తకంగా తెచ్చారు. మరాఠీలో కమలాబాయి ఓగలే 1970లో ‘రుచిరా’ రాస్తూ, ఏ ఇంట్లోనైనా ఉండే గిన్నెనూ చెంచానూ కొలతగా పెట్టుకున్నారు. వాళ్లెవరూ హోటల్ వంటగాళ్లు కాదు. ఇంట్లో వండి, కొలిచి, రాసినవాళ్లు. అదీ మీ వంశం. మరి వారసత్వం సినిమావాళ్ల ‘నా ఫేవరెట్ డిష్’కు ఎలా పోయింది?

సర్కారు కూడా రాతకోతలు లేనిదే దేన్నీ గుర్తించదు. హైదరాబాద్ హలీంకు 2010లో, బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. వాటికి చేసేవాళ్ల సంఘాలున్నాయి, దరఖాస్తు పెట్టారు, కాగితాలు చూపించారు. కడప జిల్లాలో సంగటిలోకి నూరే ఊరుబిండికీ, గోదావరి జిల్లాల్లో ఆవ పెట్టి చేసే కంద బచ్చలి కూరకూ, వరంగల్లో గిన్నెకు తట్టి కాల్చే సర్వపిండికీ దరఖాస్తు పెట్టే సంఘమేదీ? వాటికి ముద్రలు అక్కర్లేదు. ఎవరింట్లో, ఏ ఊళ్లో, ఎంత కొలతతో చేస్తున్నారో అచ్చులో ఒకసారి పడితే చాలు. ఆ పని చేయగలిగేది వారం వారం లక్షల ఇళ్లకు వెళ్లే మీ పేజీయే.

మీరేమంటారో నాకు తెలుసు. రోజువారీ పప్పు ఫొటోలో పసుపు మడుగులా ఉంటుంది, ప్రకటనలు రావు, ‘ఇది మాకు తెలీదా’ అని పాఠకులు పేజీ తిప్పేస్తారు అంటారు. తెలిసినవాళ్లే మొదట చదువుతారండీ! పక్కింట్లో బీరకాయ పప్పులో పాలు పోస్తారని తెలిస్తే ‘అయ్యో, ఇదేం చోద్యం’ అనుకుంటూనే మర్నాడు పోసి చూస్తారు. ఇంటి వంట మీద ఆసక్తికి పునాది అదే, ఎదుటివాళ్ల వంటింట్లోకి తొంగిచూడటం. తెలియనివాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. పెళ్లికాని కుర్రాళ్లు, భార్య పోయిన పెద్దాయనలు, కోడలు ఉద్యోగానికి వెళ్తే గరిటె పట్టిన మామగార్లు ఇప్పుడు మీ పాఠకులు. వాళ్లకు కావలసింది విందు కాదు, పూట గడిచే దారి.

నా మనవి ఇది. వారానికి ఒక్క పావు పేజీ ‘మామూలు రోజు’కి కేటాయించండి. ఒక ఊరు, ఒక ఇల్లు, ఆ రోజు వండినదంతా కలిపి వేయండి. వండింది ఆడా మగా అన్న పట్టింపు వద్దు, స్త్రీల పేజీలో ఇరికించొద్దు. ఎంతమందికో, గ్లాసు ఎంతదో, బియ్యం ఏవో రాయించండి. ఏరడం, దూయడం, నానడం, గిన్నెలు తోమడం కలిపి టైము వేయండి. ఏం మిగిలింది, అది మర్నాడు ఏమైంది అన్నది వదలొద్దు. ఊరి మాటను మార్చి అందరికీ తెలిసిన మాట పెట్టకండి. తెలియనివాళ్లు తెలుసుకుంటారు, మన భాషే కదా.

మొదటి వారానికి ఎవరూ దొరక్కపోతే నా పుస్తకంలోంచి ఒక పేజీ పంపుతున్నాను.

మంగళవారం, కరీంనగర్, భాద్రపదం. పొద్దుట్నుంచీ ముసురు. నలుగురం, రెండు పూటలా. గ్లాసు 200 మిల్లీలీటర్లు.

అన్నం: పాత సాంబ మసూరి రెండు గ్లాసులు, నీళ్లు ఐదు.

బీరకాయ పెసరపప్పు: కాయలు ముప్పావు కిలో. ప్రతి కాయా కొన చెక్కి నాలిక్కి రాసి చూశాను. ఒకటి చేదు, తీసేశాను. పెసరపప్పు అర గ్లాసు, అరగంట నానింది. పచ్చిమిర్చి అయిదు, ఉప్పు చెంచా. కాయలో నీరుంది కాబట్టి పైన పోసింది పావు గ్లాసే. మూతపెట్టి సన్నటి సెగ మీద పన్నెండు నిమిషాలు.

బీర తొక్కల పచ్చడి: ఈనెలు పారేసి లేత తొక్క రెండు గుప్పిళ్లు. రెండు చెంచాల నూనెలో వేయించాను. నువ్వులు రెండు పెద్ద చెంచాలు, ఎండుమిర్చి ఆరు, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, గచ్చకాయంత చింతపండు. మిక్సీలో కచ్చాపచ్చాగా.

చారు: నిన్నటి కందికట్టుతో. మిరియాలు కాస్త ఎక్కువ వేశాను, మా ఆయనకు జలుబు.

టైము: చెక్కడం, తరగడం పాతిక నిమిషాలు. పొయ్యి దగ్గర యాభై. గిన్నెలు పాతిక, తోమింది మా ఆయన, జలుబుతోనే.

మిగిలింది: అన్నం రెండు గరిటెలు, పచ్చడి సగం. పచ్చడి బుధవారం దోసెల్లోకి పోయింది. అన్నం రాత్రే పెరుగు కలిపి తినేశాం.

ఇది అచ్చుకు పనికొస్తే వేసుకోండి. నా పేరు అక్కర్లేదు. ఊరి పేరూ గ్లాసు కొలతా మాత్రం తీసేయకండి.

ఇట్లు,
మీ వంటల పేజీ పాత పాఠకురాలు,
కరీంనగర్.